ఆపరేటరమ్మ పనుల పుస్తకం

మా ఎదురింటి ఆపరేటరమ్మ బెంగళూరు ఆసుపత్రిలో పోయిందన్న కబురు వేరుశనగ విత్తనాలు పంచే వారంలో వచ్చింది. చెప్పడానికి వచ్చిన ఆఫీసు అటెండరు గడప దగ్గరే నిలబడి, "ఆయమ్మ పోయిందవ్వా. విత్తనాలు మాత్రం నిల్చలేదు, ఇస్తానే ఉండారు" అన్నాడు. ఆ రెండో మాట కోసమే ఆమె చివరి ఏడాదంతా పట్టుబట్టి పనిచేసింది.

విత్తనాల ఆఫీసులో రైతుల పేర్లున్న కంప్యూటరు ఆమె చేతిలో ఉండేది. వారానికోసారి ఆ పేర్ల డేటాబేసును ఫ్లాపీల్లోకి నకలు తీయాలి, ఆ నకలు తెరుచుకుంటుందో లేదో చూడాలి. అది ఆమెకు తప్ప ఎవరికీ రాదు. ఇంగ్లీషు మాన్యువల్ బీరువాలో భద్రంగా ఉండేది. అట్ట కూడా నలగలేదు.

ఒక ఏడు ఆమె సెలవులో ఉండగా ఆయుధపూజ వచ్చింది. అటెండరు భక్తిగా ఫ్లాపీలన్నిటికీ పసుపునీళ్ళు చల్లి, కుంకుమబొట్లు పెట్టాడు. ఆ వారమే కంప్యూటరు చెడిపోయింది. ఒక్క ఫ్లాపీ కూడా తెరుచుకోలేదు. బెళుగుప్ప వైపు నుంచి రైతులు పాసుపుస్తకాలతో మళ్ళీ వచ్చి, ఎండలో నిలబడి పేర్లు రాయించుకున్నారు. ఆమె అటెండరును తిట్టలేదు. "తప్పు నాదేలే అన్నా. యాడా రాసిపెట్టలేదు కదా" అంది.

జబ్బు బయటపడ్డాక, ఆ పనులన్నీ వరుసగా రాసిన ఒక నోటుపుస్తకం తెచ్చి, "టీచరవ్వా, దీన్ని దిద్దల్ల" అంది. నేను తెలుగు పంతులమ్మగా రిటైరైనదాన్ని. ఎర్రపెన్ను ఇంకా రిటైరు కాలేదు.

"ఇవి సూచనలా, కలెక్టరుకు అర్జీనా? 'తగు విధముగా చేయవలెను' అంటావు. ఆ విధం తెలిసినోడికి నీ పుస్తకమెందుకే?"

"దిద్దితే చాలదవ్వా. ఆఫీసుకు వచ్చి నువ్వే చెయ్యల్ల. రాసిందే చెయ్యి, తెలిసింది చెయ్యాకు."

"నాకు తెలిసిందేముందే?"

"అందుకే నిన్ను పిలుస్తాండేది."

పోయి కూర్చున్నాను. నాలుగో పని, 'నకలు తీయండి'. మీట నొక్కాను. తెర మీద ఏదో తప్పు వచ్చింది.

"ఫ్లాపీ పెట్టలేదేమవ్వా?"

"పెట్టమని నువ్వు రాయలేదేమే?"

నాలుక కరుచుకుని అక్కడే ఆ మాట చేర్చింది. నేను ఎక్కడ తట్టుకుని ఆగితే అక్కడ ఒక వాక్యం పెరిగేది. మందులకు జుట్టు రాలి తలకు గుడ్డ కట్టుకునేది. ఇంట్లో పడుకోరాదా అంటే, "నేనుండంగానే నేను లేకుండా జరగల్లవ్వా. పోయినాక దిద్దేకి యాడ వస్తా?" అంది. చివరిసారి లోపలికే రాలేదు. వరండాలో కూర్చుంది. నేనొక్కదాన్నే పుస్తకం చూసి అన్నీ ముగించాను. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. పాఠం అర్థం కాకపోతే పిల్లవాణ్ణి కాదు, పాఠాన్ని దిద్దాలని ఆమె దగ్గర నేర్చుకున్నాను.

కబురు విన్న మధ్యాహ్నం ఆఫీసుకు పోయాను. కొత్త ఆపరేటరు పుస్తకంలో వరుస మీద వేలు పెట్టుకుని పనిచేస్తున్నాడు. పొద్దున కరెంటు పోయి పేర్లు చెదిరితే, పుస్తకం చూసి నకలు నుంచి తిరిగి ఎక్కించాడట.

"అవ్వా, పదో పని కాడ ఒక మాట తక్కువుండాది. రాయచ్చునా?"

చివర ఆమె ఖాళీ పేజీలు వదిలింది. పైన నల్లసిరాతో, 'ఎక్కడ తట్టుకున్నారో ఇక్కడ రాయండి' అని ఉంది.

"నన్నడిగేదేముందప్పా? ఆమె చెప్పింది కదా."

అతను ఆమె అక్షరాల కింద నీలిసిరాతో ఒక వాక్యం రాశాడు. రాసి, కిటికీ అవతల గోనెసంచి భుజాన వేసుకుని నిలబడ్డ రైతును పేరుపెట్టి పిలిచాడు.