గాలికి చెప్పు చూపించిన బయ్యప్ప

బాగేపల్లి పక్క పల్లెలో బయ్యప్పకు ఉన్నవి మూడెకరాల వేరుశనగ చేను, మిద్దె ఇల్లు, ఇంటి ముందర పట్టుపురుగులు పెంచే రేకుల షెడ్డు. వీటన్నిటినీ మించి, సుడిగాలిని ఆపుతాడన్న పేరు. ఎండాకాలంలో చేలో దుమ్ము గిర్రున లేచిందంటే చాలు, పంచె ఎగ్గట్టి ఎదురెళ్ళేవాడు. ఎడమకాలి చెప్పు తీసి చూపించి, తుపుక్కున ఉమ్మి, నోటికొచ్చిన నాలుగు తిట్లు తిట్టేవాడు. రెండు నిమిషాల్లో గాలి అణిగిపోయేది. ఆయన ఇంట్లో కూచుని రాగిముద్ద తింటున్నా అది రెండు నిమిషాల్లో అణిగిపోయేదే. ఆ సంగతి బయ్యప్పకు బాగా తెలుసు. ఊళ్ళో వాళ్ళకు చెప్పాల్సిన అవసరం మాత్రం ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ కనిపించలేదు. మనిషన్నాక కాస్త మర్యాద కావాలి కదా!

భార్య యశోదమ్మ ఫోనులో వాతావరణం కబుర్లు వినే మనిషి.

"ఎండకు నేల మీద లేచే గాలి వేరే, మోడం కమ్మినప్పుడు మబ్బులోనుంచి దిగే సుడి వేరేనంట. అది వస్తే రేకుల కింద ఉండగూడదంట. మిద్దెలో, కిటికీలకు దూరంగా, నడిమింట్లో తల కప్పుకొని కూచోవల్లంట," అంది ఒకరోజు, ఇరుగుపొరుగువాళ్ళ ముందే.

"యాడిదైతే ఏమి? నా మొగం చూస్తే సాలు, పారిపోతాది," అన్నాడు బయ్యప్ప. నలుగురి ముందూ అన్న మాట, ఇక వెనక్కి తీసుకోలేడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పడమటి నుంచి నల్లమబ్బు కమ్మింది. వడగళ్ళు పడ్డాయి. అవి ఆగీ ఆగకముందే మబ్బు అడుగునుంచి నల్లటి తొండం ఒకటి దిగి, గుట్ట అవతలి టొమేటో తోటలో మొక్కలకు ఊతంగా పాతిన కట్టెలన్నీ పీకి ఆకాశానికి ఎగరేసింది. యశోదమ్మ నడిమింట్లోకి రమ్మని అందరినీ కేకేసింది. ఇరుగుపొరుగువాళ్ళు ఆరుగురు మాత్రం బయ్యప్ప వెనకాలే షెడ్డు కింద చేరారు. రేకులు లేచిపోకుండా షెడ్డు పైన తలకాయంత రాళ్ళు పేర్చి ఉన్నాయి. ఆ చుట్టుపక్కల అందరూ అంతే చేస్తారు.

"నువ్వుండావు గదప్పా, మాకేం భయం!" అన్నాడు పక్కింటి మంజునాథ, మూడేళ్ళ కూతుర్ని చంకనేసుకుని.

బయ్యప్ప చెప్పు తీసి విసిరాడు. అది పైకి పోయింది. మళ్ళీ కిందికి రాలేదు. తలపైన రేకులు టపటపా కొట్టుకుంటున్నాయి, రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. పారిపోతే పేరు పోతుంది. నిలబడితే ఆ పాప బతకదు.

"ఉరకండ్రా! నాకే శక్తీ లేదు, అంతా అబద్ధం! మిద్దెలోకి పోండి!" అని గొంతు చించుకుని, పాపను లాక్కుని అందరికంటే ముందు తానే పరిగెత్తాడు. అందరూ లోపలికి చేరి తలుపు వేశారో లేదో, షెడ్డు లేచిపోయింది. వాళ్ళు నిలబడిన చోట రాళ్ళు కురిశాయి.

మర్నాడు పొద్దున ఊరంతా వచ్చి ఆయనకు శాలువా కప్పింది. పట్టుపురుగులు పోయినందుకు పరామర్శ అనుకున్నాడు బయ్యప్ప. కాదు, సన్మానం.

"షెడ్డు తీసుకొని మనుషుల్ని వదిలిపెట్టిందంటే, గాలి ఎవురి మాట ఇన్నట్టు?" అన్నాడు మంజునాథ.

"అబద్ధమని అరిస్తిని గదరా! అందరికన్నా ముందు నేనే ఉరికితిని!"

"సూడండప్పా, ఒక్క రవ్వ గర్వం లేదు!" అన్నాడు మంజునాథ. అందరూ చప్పట్లు కొట్టారు. "ఈసారి మోడం ఏస్తే పక్కూరోళ్ళు గూడా వస్తామంటాండారు. పిల్లాజెల్లాతో నీ ఎనకాలే నిలబడుకుంటారంట."

ముందురోజు ఆ తొండాన్ని చూసినప్పుడు కూడా బయ్యప్పకు అంత భయం వేయలేదు.