పాలికల్లో పోసిన కుడితి

మా ఇంట్లో నా మాట నమ్మేవాళ్ళు లేరు కాబట్టి మా అమ్మాయి మీద ఒట్టేసి రాస్తున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం.

అమెరికాలో, అరోరాలోని మా ఇంటి నుంచి కార్‌లో కాసేపు వెళితే, మొక్కజొన్న పొలాల మధ్య విస్కీ కాచే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. కాచాక మిగిలిన గోధుమరంగు నీళ్ళు అడిగినవాళ్ళకి ఊరికే ఇస్తారు. వాటిలో బాగా మంచినీళ్ళు కలపాలనీ, విత్తనాల మీద మాత్రం పోయకూడదనీ అక్కడి మనిషి చెప్పాడు. ఊరికే వచ్చేదాన్ని వదలడం నాకు చేతకాదు. టమాటా మడి కోసం రెండు డబ్బాలు తెచ్చి గరాజ్‌లో పెట్టాను.

మనవరాలి పెళ్ళికి వచ్చిన మా అత్తగారు మూత తీసి వాసన చూశారు.

"ఏంటి బాబూ ఇది, పుల్లగా?"

"కుడితి అత్తయ్యగారూ. ఇక్కడి ఆవులు తాగేది ఇదే."

విస్కీ అన్న ముక్క మాత్రం మింగేశాను. ఆవిడకి మడీ ఆచారం ఎక్కువ.

అమ్మాయిని పెళ్ళికూతుర్ని చేసిన రోజు ఆవిడ మట్టి మూకుళ్ళలో నవధాన్యాలు చల్లారు. పాలికలు ఎంత పచ్చగా మొలిస్తే కాపురం అంత పచ్చగా ఉంటుందని ఆవిడ నమ్మకం.

"నీ పెళ్ళికి జానెడు మొలిచాయే" అన్నారు మా ఆవిడతో.

"అందుకేగా అమ్మా ఈయన్ని ఇన్నాళ్ళు భరించాను."

పాదులకి కుడితి పోసి పెంచిన చెయ్యి అత్తగారిది. రోజూ పొద్దున్నే గరాజ్‌లోంచి ఒక చెంబుడు తెచ్చి, చిక్కగా, అలాగే పోశారు. తడిగుడ్డలో కడితే తెల్లారేసరికి మొలిచే పెసలు కూడా కళ్ళు తెరవలేదు. పెళ్ళి రేపనగా మూకుడు దగ్గర వంగితే ఆ పుల్లటి వాసనే తగిలింది. ఒక గింజ తీసి నొక్కాను. నల్లగా చితికింది.

"కొత్త మట్టిలో మళ్ళీ చల్లుదామా?"

"మళ్ళీ చల్లకూడదు బాబూ. పిల్లకి ఏమీ కాదు కదా?"

"ఇట్స్ ఓకే అమ్మమ్మా, మైక్రోగ్రీన్స్ ఆర్డర్ చేద్దాం, మొలిచినవే వస్తాయి" అంది అమ్మాయి.

తప్పు నీళ్ళదని చెబితే, మనవరాలి పాలికల్లో తన చేత్తో విస్కీ కడుగునీళ్ళు పోశానని ఆవిడ కుమిలిపోతారు. చెప్పకపోతే పిల్ల కాపురం గురించి బెంగపడతారు. నేను ఊరుకున్నాను.

తెల్లారేసరికి మూకుళ్ళ నిండా జానెడు మొలకలు. తాగిన సరుకు అలాంటిది మరి, పెసర మొలక తూలి జొన్న మొలక భుజాన వాలింది. అలసంద మొలక ఎవరికో నచ్చజెబుతున్నట్టు ఊగింది. అత్తగారు కళ్ళు ఒత్తుకున్నారు.

ఒట్టు అమ్మాయి మీద వేశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఆ మొలకలు ఈ కాగితం మీద నేను మొలిపించినవే. పాలికలు నల్లమట్టిగానే ఉండిపోయాయి. అత్తగారు వాటి మీద బంతిపూల రేకులు పరిచి, ఫొటోలు తీసే అబ్బాయికి అడ్డంగా నిలబడ్డారు.

ఇప్పటికీ అమ్మాయి ఫోన్ ఒక రోజు ఆలస్యమైతే, "ఇద్దరూ బాగానే ఉన్నారా బాబూ?" అని అడుగుతారు. నిజంగానే బాగున్నారు, ఆ మాటే చెబుతాను. కానీ చెప్పేది నేను కదా. ఆవిడ మా ఆవిడ వైపు తిరిగి మళ్ళీ అడుగుతారు.