లంక స్వామి మీద మా అక్క చెప్పిన సాక్ష్యం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు టీవీ పెట్టి, "అమ్మమ్మా, మీ కొల్లేరు చూపిస్తున్నారు, రా" అని కేకేస్తే, దేవుడికి వత్తులు చేసుకుంటున్నదాన్ని అలాగే లేచి వెళ్ళి కూర్చున్నాను. పందొమ్మిది వందల ముప్పైల్లో కొల్లేటి లంకలో ఆశ్రమం నడిపి, ఒక ఆడమనిషి ప్రాణం తీసి జైలుకు వెళ్ళిన స్వామి గురించి ఎవరో కుర్రవాళ్ళు డాక్యుమెంటరీ తీశారట. పాత ఫోటోలు చూపించారు, పట్టుకున్న పోలీసు అధికారిని పొగిడారు, అంతా బాగానే ఉంది గాని, చివర్లో ఒక గంభీరమైన గొంతు, భయంవల్లా సిగ్గువల్లా ఆశ్రమంలోని ఆడవాళ్ళెవరూ నోరు విప్పలేదని చెప్పేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. విప్పారు నాయనా! అందరికంటే ముందు మా అక్క విప్పింది. ఆ రోజులు ఎరిగిన నా ఈడువారు ఎవరైనా మిగిలి ఉంటే వారికోసం ఇది రాస్తున్నాను.

మాది దెందులూరుకు దక్షిణాన, కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు. అప్పటికి నాకు పదమూడేళ్ళు, అక్కకు పంతొమ్మిది. కాపురానికి వెళ్ళిన ఏడాదికే బావ సన్నిపాత జ్వరంతో పోతే పుట్టింటికి వచ్చేసింది. ఆ రోజుల్లో అలా వచ్చిన ఆడపిల్ల పెరట్లో నవ్వినా తప్పే, వీధిలో నిలబడినా తప్పే. అటువంటప్పుడు దిగాడు స్వామి, ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. అబద్ధం ఎందుకు, ఆయన మాట ఎంత మెత్తగా ఉండేదంటే, ఒకసారి నా తలమీద చెయ్యి వేస్తే మూడు రోజులు తల దువ్వుకోలేదు నేను. అమ్మ చివాట్లు పెట్టి దువ్వింది. నాన్నయితే ఆయన చెప్పిందే వేదం అనుకునేవారు. అక్కను దోనెలో కూర్చోబెట్టి స్వయంగా లంకకు తీసుకువెళ్ళి ఆశ్రమంలో దిగబెట్టి వచ్చారు. అక్క సంతోషంగానే వెళ్ళింది. యాభై మందికి వండి పెట్టడంలో తనకూ ఒక విలువ దొరికిందనుకుంది.

ఆరు నెలలు గడిచాక, పక్క లంకనుంచి మూర్ఛలు వస్తున్నాయని ఒక పడుచుపిల్లను తీసుకువచ్చారు. డాక్టరు మందు పాపం అన్నాడు స్వామి. దెయ్యం పట్టిందని రాటకు కట్టించి, చింతబరికెలతో కొట్టించి, నీళ్ళు కూడా ఇవ్వవద్దని కట్టడి చేశాడు. ఎవరూ చూడకుండా అక్క ఒక్కసారి చెంబెడు నీళ్ళు పట్టగలిగింది. మూడోనాటి మధ్యాహ్నం ఆ పిల్ల ప్రాణం పోయింది. శవాన్ని కొల్లేటిలో వేయించి, ఇష్టపూర్వకంగా జలసమాధి పొందిందని స్వామి అందరికీ చెప్పాడు. అంతకుముందు శవానికి స్నానం చేయించినవాళ్ళు ముగ్గురు, వారిలో అక్క ఒకతె. మణికట్ల మీద తాడు కోసిన గాయాలు చూసింది. ఈ సంగతి బయటపెట్టినవారికి కళ్ళు పోతాయని చెప్పి, కర్పూరం వెలిగించి ముగ్గురిచేతా ఒట్టు వేయించాడు వాడు. అవును, వాడనే అంటున్నాను.

మర్నాడు పొద్దెక్కాక, అందరూ చూస్తుండగానే అక్క రేవుకు నడిచి వచ్చి దోనె అడిగింది. దోనె అతను జంకి, "స్వామివారు కోప్పడతారేమోనమ్మా" అన్నాడట. "కోప్పడితే నన్ను కోప్పడతారు లెండి, మీరు తొయ్యండి" అందట.

ఇంటికి వచ్చి చెబితే నాన్న నమ్మలేదు. వెంటనే తిరిగి వెళ్ళి ఆయన కాళ్ళమీద పడమన్నారు. నాన్న ముందు గొంతెత్తి ఎరగని మా అమ్మ గరిటె కింద పెట్టి, "పిల్ల లంకకు వెళ్ళదండీ. ఏలూరు వెళుతుంది. నేనూ వెళుతున్నాను" అంది. సెలవుమీద మా ఇంటికి వచ్చి ఉన్న మేనమామ బండి కట్టించాడు. ఎవరూ రమ్మనకపోయినా నేనూ ఎక్కాను. అక్క చెప్పింది రాసుకుని ఏలూరు పోలీసులు కొల్లేటిలో వలలు వేయిస్తే, నడుముకు రాయి కట్టిన శవం తామర తూడుల మధ్య దొరికింది.

ఏలూరు కోర్టు వరండా నిండా భక్తులే, భజనలే. వాళ్ళ మధ్యనుంచి అక్క తల వంచుకోకుండా నడిచింది. స్వామి తరఫు ప్లీడరు తలపాగా సర్దుకుని, "నోరు విప్పితే కళ్ళు పోతాయన్నారని నువ్వే చెబుతున్నావు. మరి భయం లేదా?" అని వెటకారంగా అడిగాడు. అక్క నెమ్మదిగా, "అన్నారండీ. చెప్పి నెలరోజులైందండీ. తమరి తలపాగా మీద సిరా మరక కూడా నాకు కనబడుతూనే ఉందండీ" అంది. కోర్టంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుతోనే సగం భయం వదిలిందో ఏమో, స్నానం చేయించిన తక్కిన ఇద్దరూ మర్నాడు తమంతట తామే వచ్చి సాక్ష్యం చెప్పారు. వాడికి శిక్ష పడింది.

గెలిచి వచ్చామని ఊరు మాకు హారతి పట్టలేదు. పొయ్యిలోకి నిప్పు అడిగితే తలుపులు వేసుకున్నారు. నాన్న అక్కతో మాట్లాడటం మానేశారు. మేనమామకు తాడేపల్లిగూడెంలో రైల్వే ఉద్యోగం కాబట్టి, అమ్మనూ మమ్మల్నీ అక్కడికి తీసుకుపోయాడు. అక్క నర్సు పని నేర్చుకుంది. నాలుగేళ్ళ తర్వాత నాన్న వచ్చి వరండాలో కూర్చుని, అక్క వడ్డించిన అన్నం మారు అడిగి తిన్నారు. క్షమాపణ అంటే ఆయనకు అంతే చేతనయింది. అక్కా అంతకంటే అడగలేదు.

ఆ వేసవిలోనే ఒక ముసలమ్మ మా ఇంటి గుమ్మంలోకి వచ్చింది. చనిపోయిన పిల్ల తల్లి. దారి అడుగుతూ అడుగుతూ స్టేషనునుంచి చెప్పులు లేకుండా నడిచి వచ్చింది. మంచినీళ్ళయినా ముట్టకుండా, "నా బిడ్డ ఆఖర్న ఏమైనా అందా అమ్మా?" అని అడిగింది. అక్క ఆవిడ పక్కన నేలమీద కూర్చుని, "దాహం అందమ్మా. నేను నీళ్ళు పట్టాను. మిమ్మల్ని పిలిచింది" అని చెప్పింది. ఆవిడ అక్క రెండు చేతులూ తీసుకుని కళ్ళకు అద్దుకుంది.

అక్క పోయి తొమ్మిదేళ్ళయింది. మేము దోనెల్లో తిరిగిన కొల్లేరు ఇప్పుడు చాలావరకు చేపల చెరువులైపోయింది. ఆనాడు ఒక నిజం చెప్పాలంటే నీళ్ళు దాటి, బండి కట్టుకుని, ఊరంతా తిడుతుంటే వెళ్ళవలసి వచ్చేది. ఈనాడు ఇంట్లో కూర్చునే లోకమంతటికీ చెప్పవచ్చు. చెప్పే సాధనాలు ఇన్ని వచ్చాయి గాని, నిజం తెలిసినవాళ్ళ గుమ్మం వెతుక్కుంటూ ఎండలో నడిచివచ్చి అడిగే ఓపిక మాత్రం ఆ ముసలమ్మతోనే పోయినట్టుంది.