శ్రుతి కుదరని వీరభద్రరావు గారు

వీరభద్రరావు గారు గిటార్ వాయిస్తారని టెక్సస్‌లోని మా కాపెల్ ఊళ్లో తెలుగువాళ్లందరికీ తెలుసు. వాయించగా విన్నవాళ్లే తక్కువ. ఎప్పుడు చూసినా ఆయన శ్రుతి చేస్తూనే ఉంటారు.

ఆయనది టెక్సస్ పల్లెపాటల బాణీ. బొటనవేలు లావు తీగల మీద తాళం వేస్తుంటే, మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుందట. మాకు ఒక్కరు వాయించినా చాలు. గిటార్ తలకు చిన్న మీటరొకటి తగిలిస్తారు. శ్రుతి తప్పితే ఎర్ర లైటు, కుదిరితే పచ్చ లైటు. కౌబాయ్ టోపీ కిందికి లాక్కుని దానికేసి చూస్తూ, "ఒక్క నిమిషమండీ, చిన్న తేడా ఉంది" అంటారు. ఆ నిమిషంలో మనం పక్క ఊరు ఇర్వింగ్ వెళ్లి కరివేపాకు కొనుక్కుని రావచ్చు.

పోయిన దీపావళికి పాడాల్సిన కృష్ణకుమారి గారు హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. రొప్పుతూ వచ్చేసరికి కూడా ఈయన శ్రుతి పూర్తి కాలేదు. "చూశారా, నేనే ఎర్లీ!" అని ఆవిడ మురిసిపోయారు.

ఆయన ప్రభావం సామాన్యమైంది కాదు. ఆదివారాలు మా పిల్లలందరికీ గిటార్ నేర్పుతారు. ఒక్కరికీ పాట రాలేదు గానీ, తేడాలు మాత్రం బాగా తెలుస్తున్నాయి. నా భార్య రష్మి సాంబారు పెడితే, మా అమ్మాయి ఆద్య "చిన్న తేడా ఉంది మమ్మీ" అంటుంది.

నిరుడు ఉగాదికి ఆద్య తెలుగు పాట పాడితే, దాని అమెరికన్ యాసకి జనం నవ్వారు. ఈ ఏడు ఎంతో బతిమాలితే ఒప్పుకుంది.

"ఈసారి కూడా లాఫ్ చేస్తే, నేను ఇంక తెలుగు మాట్లాడను నాన్నా. ఎవర్!"

స్టేజి ఎక్కింది. మైకు దించి, పక్కనే గిటార్ పట్టుకు కూర్చున్న వీరభద్రరావు గారితో, "అంకుల్, ఫస్ట్ లైన్ నాకు మర్చిపోయింది" అంది. ముందు వరసలో ఉన్న నాకు అది వినిపించింది.

"క్షమించాలి!" అన్నారాయన గట్టిగా. "నా తీగ తప్పింది. ఒక్క నిమిషం!"

హాలంతా గొల్లుమని నవ్వింది.

"సార్, బిర్యానీ చల్లారిపోతోంది!" అని వెనకనుంచి దామోదర్ అరిచాడు.

"గిటార్ రిటర్న్ చేసెయ్యండి సార్!" అని ఇంకెవరో.

ఆయన టోపీ కిందికి లాక్కున్నారు. ఒళ్లు మండి మీటర్ వైపు చూశాను. పచ్చ లైటు. కళ్లు నులుముకుని చూసినా పచ్చే. అప్పుడు వినిపించింది. బొటనవేలు శ్రుతి చూస్తున్నట్టు టుంగు టుంగుమంటుంటే, దాని చాటున మిగతా వేళ్లు ఆద్య పాట మొదటి లైను మెల్లగా పలుకుతున్నాయి. ఒకసారి, మళ్లీ ఒకసారి.

ఆద్య అందుకుంది. అదే యాస. జనం దగ్గరున్న నవ్వంతా అప్పటికే ఆయన మీద ఖర్చయిపోయింది, దాని వంతుకి మిగల్లేదు. చివర్లో చప్పట్లు కూడా కొట్టారు.

భోజనాల దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. "లైటు పచ్చగానే ఉంది కదండీ! కృష్ణకుమారి గారు లేటైన రోజున కూడా అంతేనా?"

"అవునాండీ? కళ్లజోడు మార్చాలి" అంటూ ఆయన పెరుగు పచ్చడి వడ్డించుకున్నారు.

ఇంటికొస్తుంటే కార్‌లో ఆద్య జాలిపడింది. "పాపం, అంకుల్ గిటార్ ఎప్పుడూ ట్యూన్‌లో ఉండదు. బట్ సో లక్కీ నాన్నా! ట్యూన్ చేస్తుంటే బై ఛాన్స్ నా సాంగ్ వచ్చింది."

"చిన్న తేడా ఉందమ్మా" అన్నాను.