కిటికీ వైపు చెంప

పద్దెనిమిదేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న ఆవిడను డిపోలో అందరూ డ్రైవరక్క అంటారు. అన్నేళ్ల ఎండకు కిటికీ వైపు చెంప నల్లగా కమిలిపోయింది. రెండో చెంప మాత్రం ఎప్పటిలాగే ఉంది. "ఇటు నుంచి చూస్తే నువ్వు, అటు నుంచి చూస్తే మీ అక్క" అని కండక్టరు ఏడిపించేవాడు. ఆమె నవ్వేసేది.

ఒకరోజు మందుల షాపు నడిపే చెల్లెలు చిన్న సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

"విటమిన్ సి సీరం. పొద్దున్నే మొహం కడుక్కుని నాలుగు చుక్కలు రాసుకో. దాని మీద సన్‌స్క్రీన్. అది మానావంటే ఊరుకోను."

"తెల్లగా అయిపోతానా ఏంటే?"

"నీ రంగు నీదేలే అక్కా! ఎండకొచ్చిన నలుపు కాస్త తగ్గచ్చు, అంతే. మూడు నెలలు ఓపిక పట్టు."

పట్టమంటే పట్టే మనిషి కాదు. రోజుకు పదిసార్లు అద్దం చూసుకునేది. బస్సులోనూ రాసుకోవచ్చని సీసాను స్టీరింగు ముందు, ఎండ పడేచోట పెట్టుకుంది. పది రోజులకే అది టీ డికాషన్ రంగుకు తిరిగింది. చెల్లెలు నెత్తి కొట్టుకుంది.

"వేడీ వెలుతురూ తగిలితే పాడైపోతుందే తల్లీ! బీరువాలో పెట్టుకో."

రెండో సీసా బట్టల మధ్య భద్రంగా చేరింది. ప్రతి ఆదివారం షాపు గుమ్మంలో ఒకేచోట నిలబెట్టి చెల్లెలు ఫొటో తీసేది.

పదమూడో ఆదివారం ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తూ చెల్లెలు పెద్దగా కేకేసింది. మందులు కొంటున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"అక్కా! నీ పుట్టుమచ్చ!"

నువ్వుగింజంత మచ్చ. చిన్నప్పుడు అమ్మ ఏరికోరి ముద్దుపెట్టుకునే చోటు. నలుపులో కలిసిపోయి ఏళ్లయింది. అది ఉందన్న సంగతే ఆమె మరిచిపోయింది. కమిలిన చోటు పూర్తిగా పోలేదు గానీ బాగా పలచబడింది. అందులోంచి మచ్చ తొంగిచూస్తోంది.

డ్రైవరక్క అక్కడికక్కడే అమ్మకు వీడియో కాల్ చేసింది. అమ్మ కళ్లద్దాలు సవరించుకుంది.

"ఫోను ఇంకాస్త దగ్గరికి పెట్టవే... అదే! అదేనే!"

ఇక ఆమె కాలు నేల మీద నిలవలేదు. మర్నాడు డిపోలో, కొత్తగా చేరిన ఇద్దరు ఆడ డ్రైవర్లను పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది.

"మీరు మొదటి రోజు నుంచే సన్‌స్క్రీన్ రాసుకోండర్రా. నాలా పద్దెనిమిదేళ్లు ఆగకండి" అంటూ, ఏది ముందు, ఏది తర్వాత, ఎన్ని చుక్కలో చేతులు తిప్పుకుంటూ చెబుతూనే ఉంది. బస్సు బయల్దేరే వేళయిందని బయటినుంచి రెండుసార్లు విజిలు వినబడింది. "వస్తున్నానుండండీ!" అని అరిచి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.