ఆఖరి పాటలో గ్లాసు మోత

నిన్న పొద్దున్న వంటింట్లో స్టీలు మూత ఒకటి గట్టు మీంచి జారి నేల మీద పడింది. పడినప్పుడు మోగిన మోత ఒక ఎత్తు, అంచు మీద గుండ్రంగా తిరుగుతూ, ఆగబోయే ముందు తొందరపడుతూ చేసే గలగల ఇంకో ఎత్తు. హాల్లో పేపరు చదువుకుంటున్న నా కుడిచేతి చూపుడువేలు, నన్నడక్కుండానే కుర్చీ చేతి మీద కొట్టడం మొదలుపెట్టింది. రెండు దెబ్బలు, ఒక ఖాళీ, మూడు దెబ్బలు, మళ్లీ ఖాళీ. "మళ్లీ మొదలెట్టారా?" అంది మా ఆవిడ లోపల్నుంచి. మొదలుపెట్టాలంటే మొదలు ఎక్కడుందో తెలియాలి కదా. ఆ దెబ్బలకు మొదలు ఎక్కడో నలభై ఏళ్లుగా నాకు తెలియదు. వాటిని నా వేలికి అప్పగించి వెళ్లిన మనిషి పేరు అప్పలస్వామి.

మా నాన్నకు జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌ బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. పక్కన బట్టల కొట్టు, ఎదురుగా చెప్పుల కొట్టు. ఆ మధ్యలో పెరిగిన నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చింది. అమ్మ ఇంకో రెండు ముద్దలు తినమంటే ఒకటే అని, చివరికి ఒకటిన్నరకి ఒప్పుకునేవాణ్ణట. ఎనభైల నడిమికి నాకు ఇరవై నాలుగేళ్లు. అమ్మడం కాక, కొన్న గిన్నెల మీద ఉలితో, చిన్న సుత్తితో చుక్కలు చుక్కలుగా పేర్లు చెక్కడం నా పని. తెలుగు, హిందీ, బెంగాలీ, ఒడియా, ఏ లిపిలో కాగితం మీద రాసిచ్చినా చూసి దించేసేవాణ్ణి. అర్థం తెలియకుండానే పని అందంగా చెయ్యవచ్చని అప్పట్లో నా గట్టి నమ్మకం.

ఒకరోజు ముప్పై ఐదేళ్ల మనిషి, ఖాకీ ప్యాంటు మీద పువ్వుల చొక్కా వేసుకుని వచ్చి, గ్లాసులు చూపించమన్నాడు. మా దుకాణంలో మంచి గ్లాసంటే బరువైన గ్లాసు. నేను బరువైనవి తీసి వరసగా పెట్టాను. ఆయన ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి, పక్కన పెట్టేస్తున్నాడు. ముప్పై గ్లాసులయ్యాయి.

"బరువు చూడండి అన్నయ్యా, మీ మనవలు కూడా తాగుతారు దీంతో," అన్నాను.

"మనవల మాట తరవాత. నాకు మోత కావాల."

గల్లా దగ్గర్నుంచి నాన్న తల ఎత్తాడు. "తాగడానికేటి బాబూ, వాయించడానికేటి?"

"రెండుకీనండి," అన్నాడాయన, ఏ మాత్రం నవ్వకుండా.

చివరికి మేము వెనక్కి తోసేసిన పలచని లస్సీ గ్లాసు ఒకటి ఎంచుకున్నాడు. నాసిరకం సరుకు అని నేనే చెప్పబోయి నాలిక కరుచుకున్నాను. నేను అడిగిన ధర ఇచ్చేశాడు. బేరమాడని మనిషిని చూస్తే నాకు అనుమానం. ఏదో మోసపోయాననే అనిపిస్తుంది. పేరు చెక్కమన్నాడు. చెక్కుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. "సేటూ, నీ సెయ్యి బావుంది. గురువారం దుకానం బందే కదా? పర్సుడీహ్ వత్తావేటి?" అన్నాడు. ఎందుకో అడక్కుండానే వస్తానన్నాను. బేరం లేకుండా నేను ఒప్పుకున్న మొదటి విషయం అదేననుకుంటాను.

అప్పలస్వామి క్రేన్లతో బరువులెత్తే పనిలో ఉండేవాడు. ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున నైజీరియాలో కర్మాగారం కట్టడానికి వెళ్లి, మూడేళ్లుండి, ట్రంకు పెట్టెడు కేసెట్లతో, ఒక ఎలక్ట్రిక్ గిటారుతో తిరిగొచ్చాడు. అక్కడ సండే అనే వెల్డరు ఆయనకు వాళ్ల పద్ధతిలో గిటారు నేర్పాడు. పర్సుడీహ్‌లో రేకుల కప్పు గదిలో అప్పటికే ఒక బ్యాండు తయారైంది. క్లబ్బులో రాక్ పాటలకు డ్రమ్ములు వాయించే ఫిలిప్, బేస్ గిటారు పట్టుకున్న అతని తమ్ముడు, పాడుతూ వాయిస్తూ మధ్యలో అప్పలస్వామి. పాటలు మన శ్రీకాకుళం మాటల్లోనే. "బస్సు వత్తాదో రాదో, వచ్చినా ఆగతాదో ఆగదో," అంటూ ఒకటి. కానీ గిటారు మాత్రం పాట వెంట వెళ్లేది కాదు. చిన్న ముక్క ఒకటి పట్టుకుని అక్కడే తిరిగేది, డ్రమ్ములు ఇంకోవైపు పోయేవి, బేస్ మరోవైపు. నాకు సంతలో నాలుగు దుకాణాలవాళ్లు ఒకేసారి అరుస్తున్నట్టు ఉండేది. నా చేతికి నేనమ్మిన గ్లాసు, నా ఉలి ఇచ్చి, ఆ రెండు దెబ్బలు, ఖాళీ, మూడు దెబ్బలు నేర్పాడు.

"దీనికి మొదలెక్కడ అన్నయ్యా?"

"మీ కార్ఖానా ఊర్లో మూడు షిఫ్టులుండవేటి? సైరన్ కొడితే ఒకడు లోనికెళ్తాడు, ఒకడు బయటికొత్తాడు, ఒకడు తొంగుంటాడు. ఊరు ఒకటే. ఇందులో మొదలెవుడు?"

"అంటే మొదలు లేదా?"

"ఉంది. ఎవుడి మొదలు ఆడిదే. నీది నువ్వట్టుకో. పక్కోడిది ఇను. ఆడికాడికి మాత్రం ఎళ్లిపోకు."

తేలికే అనుకున్నాను. పట్టిన ధర పట్టుకుని కూర్చోవడం నా కులవిద్య కదా. తీరా వాయిస్తే రెండు నిమిషాల్లో నా గ్లాసు ఫిలిప్ డ్రమ్ముల పక్కకి చేరి, వాటితో కలిసి తిన్నగా నడిచేది. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు ఫిలిప్పే నవ్వుతూ చెప్పాడు. "అరే భాయ్, నువ్వు ప్రతిసారీ సగం దగ్గర సెటిల్ చేసేస్తున్నావ్!" నిజమే. బేరగాడు పైకి ఎంత బిగదీసినా, లోపల ఎదుటివాడి ధరకీ తన ధరకీ నడుమ ఉన్న చోటు వెతుక్కుంటూనే ఉంటాడు. అది నా చేతుల్లో కూడా ఉందని నాకు తెలియదు.

ఆ వర్షాకాలంలో అప్పలస్వామికి మరో సైటుకి పిలుపొచ్చింది. వెళ్లేలోపల తన పాటలతో ఒక కేసెట్టు చెయ్యాలన్నాడు. పేరు 'మూడు షిఫ్టులు'. మా అందరికీ అది మొదటిది. ఎందుకంత తొందర అంటే ఒక్క మాట చెప్పాడు. వచ్చేసే రోజున సండే నవ్వుతూ అన్నాడట, "నీ ఊరెళ్లాక దీన్నంతా తిన్నగా చేసేస్తావు, అందరూ చేసేది అదే," అని. "తిన్నగా సెయ్యనేదని ఆడికి పంపాల. అంతే నా గోల," అన్నాడు అప్పలస్వామి. ఆఖరి పాట తొమ్మిది నిమిషాలది, మాటలు లేనిది. సండేకి జవాబు అదే. అందులో మొదటి నుంచి చివరి వరకు కదలకుండా ఉండాల్సింది నా గ్లాసు.

స్టూడియో మాట్లాడే పని నేను మీదేసుకున్నాను. సాక్చీలో దత్తాబాబు అనే ఆయన భజనలు, పెళ్లిపాటలు రికార్డు చేసేవాడు. రోజంతటికీ ఆయన చెప్పిన రేటు వింటేనే నాకు దురద పుట్టింది. తెల్లారి ఆయన తాళం తీస్తుండగా గుమ్మంలో నిలబడ్డాను. దుకాణాల మధ్య పెరిగినవాడికి ఈ కిటుకు ఉగ్గుపాలతో వస్తుంది. బోణీ బేరాన్ని ఎవడూ వెనక్కి పంపడు. ఆయన పళ్లు కొరుక్కుంటూ సగానికి సగం తగ్గించాడు, ఒక్క షరతు మీద. "బోహనీ హై, ఠీక్ హై. లేకిన్ దూస్రీ పార్టీ ఆయీ, తో బస్." రెండో పార్టీ వస్తే లేచిపోవాలి. ఈ వర్షంలో ఎవరొస్తార్లే అనుకున్నాను. గెలిచానని అప్పలస్వామికి చెబితే, "రోజంతా ఉంటదా?" అని మాత్రం అడిగాడు. ఉంటుందన్నాను.

రికార్డింగు రోజు ఆరు పాటలు చక్కగా అయ్యాయి. ఆఖరిది మొదలైంది. నాలుగో నిమిషం దాకా నా గ్లాసు తన చోట తను ఉంది. నాకే ఆశ్చర్యం వేసింది. ఆ ఆశ్చర్యంలోనే జారాను. మెల్లగా, చాలా మర్యాదగా, ఫిలిప్ వైపు నడిచి వెళ్లిపోయాను. ఎనిమిదో నిమిషంలో తెలివొచ్చి వెనక్కి పరిగెత్తాను గానీ, చేరేలోపల పాట అయిపోయింది.

ఇంకోసారి వాయిద్దామనేసరికి గుమ్మంలో తడిసిన గొడుగులు, హార్మోనియంతో భజన బృందం.

"దాదా, ఒక్క పది నిమిషాలు," అన్నాను. నా బేరాల్లో అంత దీనమైనది ఇంకోటి లేదు.

"బోహనీ కా రేట్, బోహనీ కా టైమ్," అన్నాడు దత్తాబాబు, హార్మోనియానికి చోటు చేస్తూ.

అప్పలస్వామి హెడ్‌ఫోను పెట్టుకుని ఆఖరి పాట మొత్తం నిలబడే విన్నాడు. ఆ మొహంలో ఏముందో నేను ధర కట్టలేకపోయాను. తరవాత వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

"నా వల్ల పోయింది అన్నయ్యా. ఆ పాట తీసేద్దాం."

"ఉండనీ సేటూ."

"తిన్నగా అయిపోయింది కదా. సండేకి ఏమని రాస్తావు?"

"ఏటీ రాయను. ఆడికి సెవులున్నాయి, ఇంటాడు."

కోప్పడితే క్షమాపణ అడిగి తేల్చేసుకునేవాణ్ణి. ఆయన నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఒక కేసెట్టు నైజీరియాకి పంపి, జవాబు మా దుకాణం చిరునామాకే రాయమన్నానని చెప్పి, వారంలో సైటుకి వెళ్లిపోయాడు. మిగతా కేసెట్లు మా దుకాణంలో గరిటెల పక్కన పెట్టాను. ఎవరూ ముట్టుకోకపోతే, కుక్కరు కొన్నవాళ్లకి కేసెట్టు ఉచితమని బోర్డు రాశాను. ఇద్దరు కేసెట్టు వద్దు, గరిటె ఇమ్మన్నారు.

ఏడెనిమిది నెలలకు సండే ఉత్తరం వచ్చింది. అప్పలస్వామి చెప్పిపెట్టిన ప్రకారం నేనే విప్పాను. ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. "మిగతా పాటలు బాగున్నాయి, అలాంటివి నాకు తెలిసినవే. ఆఖరి పాటలో గంట కొడుతున్నది ఎవరు? అతను ఇల్లు వదిలి ఎక్కడికి బయల్దేరాడు? మళ్లీ చేరాడా?" గంట అంటే నా గ్లాసే. పొగడ్తో ఎగతాళో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఉత్తరాన్ని సైటుకి పంపాను. ఆరునెలల తరవాత పోస్టుకార్డు వచ్చింది. "సేటూ, సండే నిన్ను అడిగినాడు. నాను కాదు, నువ్వే జవాబు రాయాల," అంతే. కింద చిరునామా లేదు. తరవాత ఆయన జంషెడ్‌పూర్ తిరిగి రాలేదు. ఫిలిప్‌కి కూడా ఆచూకీ తెలియదు.

జవాబు రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. నేను తప్పు చేశానని రాస్తే సరిపోదు. తప్పయితే ఆ పాటను అప్పలస్వామి ఉండనిచ్చేవాడు కాదు. సరిగ్గానే చేశానంటే అబద్ధం. ఈ రెంటికీ నడుమ ఒక చోటు వెతకబోయి, చెయ్యి ఆపేసుకున్నాను. నేను చెడగొట్టింది అలా వెతికే కదా.

నిన్న మూత తిరగడం ఆగిపోయింది. వేలు ఆగలేదు. లోపల కుక్కరు కూత మొదలైంది, మా ఆవిడ మిక్సీ వేసింది, కింద వీధిలో ఆటోవాడు హారను కొడుతున్నాడు. ప్రతిదీ నా వేలిని తన వైపు రమ్మంటోంది. రెండు దెబ్బలు, ఒక ఖాళీ, మూడు దెబ్బలు. నా చోట నేను ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. గడియారం వైపు చూస్తే జారిపోతానని చూడలేదు.