ముందు చేతులు

అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక సందులో ఇడ్లీ బండి నడిపే ఆమె ఎవరికీ నేరుగా ప్లేటు ఇవ్వదు. "ముందు చేతులు" అంటూ పక్కనున్న నీళ్ల బకెట్టు వైపు గడ్డం ఎగరేస్తుంది. మొదటి రోజే నన్ను "సారువైతేంది, ముందు చేతులు" అని వెనక్కి పంపిన సంగతి నా డైరీలో ఉంది.

ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే బండి తీసేయాలని ఆమెకు నోటీసు వచ్చింది. నాంపల్లిలో ఆఫీసుకు తోడు వెళ్లి దరఖాస్తు నేనే పెట్టించాను. తనిఖీ రోజున, "ఇవాళ మాత్రం ఎవరినీ ఏమీ అనకమ్మా" అని బతిమాలాను. "ఔ సారూ" అంది.

వచ్చిన ఇన్‌స్పెక్టరు గిన్నెలు చూశాడు, నీళ్లు చూశాడు, పిండి మూత ఎత్తి వాసన చూశాడు. చివరికి రుచి చూద్దామని ఇడ్లీ మీదికి చెయ్యి చాచాడు.

"సారూ, ముందు చేతులు! గిప్పుడే స్కూటర్ దిగిన్రు గదా."

ఇక బండి పోయినట్టే అనుకున్నాను. ఆయన ఆమె వైపు ఓసారి, బకెట్టు వైపు ఓసారి చూసి, చొక్కా చేతులు మడిచి సబ్బు అందుకున్నాడు.

"గోళ్లల్ల గూడ" అందామె.

మొన్న సర్టిఫికెట్ వచ్చిందని కబురు పెడితే వెళ్లాను. దాన్ని అట్టకు అంటించి బండికి వేలాడదీసింది. పేరు సరిగ్గా పడిందో లేదో చూద్దామని చెయ్యి చాచాను.

ఆమె బకెట్టు వైపు గడ్డం ఎగరేసింది.